కొన్న గేమే ‘హక్కు లేదు’ అంటోందా? వీఆర్ హెడ్‌సెట్ తాళాల గురించి, వాటిని రాసేవాడి మాట

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: డబ్బు పెట్టి కొన్న వీఆర్ గేమ్ మొన్నటిదాకా బాగానే నడిచింది. ఇప్పుడు తెరవగానే ‘ఈ యాప్ వాడే హక్కు మీకు లేదు’ అని చెప్పి మూసుకుపోతోంది. రెండు వారాల కిందట మీరు బయటి యాప్‌లు ఎక్కించడానికి వీలిచ్చే డెవలపర్ మోడ్ ఆన్ చేసి, ఆ గేమ్‌లోకి బయటి పాటలు తెచ్చే మార్పు ప్రోగ్రాం ఒకటి ఎక్కించారు (ఇలా గేమ్‌ను మార్చే ప్రోగ్రాంనే ఇకపై ‘మోడ్’ అంటాను). పైరసీ జోలికి పోలేదు. హెడ్‌సెట్‌ను కంపెనీ నిషేధించిందా? ఈ పైరసీ నిరోధం కొన్నవాళ్ల మీదే ఎందుకు పడుతోంది? తాళం తీసేసిన కాపీ ఒకటి దొరుకుతోంది, వేసుకోవచ్చా? ఇవీ మీరు అడిగిన మూడు సంగతులు.

ముందు సూటిగా జవాబు. మీ హెడ్‌సెట్ మీద నిషేధం పడలేదు, దాదాపు ఖాయంగా. ఖాతా మీద వేటు పడితే అది ఒక్క గేమ్‌తో ఆగదు, లైబ్రరీ మొత్తం మీద కనిపిస్తుంది. మీ విషయంలో గేమ్ తన లైసెన్సును సరిచూసుకోలేకపోయింది, అంతే. మోడ్ వల్ల కావచ్చు, ఖాతా మారడం వల్ల కావచ్చు. సరిచేసుకునే పద్ధతి చివర్లో రాశాను. తాళం తీసిన కాపీ మాత్రం వేసుకోకండి. నీతి పాఠం చెప్పడం నా ఉద్దేశం కాదు, అంతకంటే గట్టి కారణాలున్నాయి.

నేను తొమ్మిదేళ్లుగా వీఆర్ గేములు, శిక్షణ యాప్‌లు తయారుచేసే చిన్న బృందంలో పనిచేస్తున్నాను. అంటే మిమ్మల్ని బయట నిలబెట్టిన ఆ తాళాన్ని రాసేవాళ్లలో నేనూ ఒకణ్ని. కాబట్టి నా మాటల్లో కొంత సంజాయిషీ ధ్వనిస్తే ఏమీ అనుకోకండి.

ఆ సందేశం ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. మెటా (పాత పేరు ఫేస్‌బుక్) అమ్మే క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్ లోపల నడిచేది ఆండ్రాయిడ్ మీద కట్టిన వ్యవస్థే. గేమ్ అంటే ఒక ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్‌ను కట్టిన మూట), దానికి తోడు బొమ్మలూ శబ్దాలూ ఉన్న పెద్ద మూట. ఫోనులోని యాప్‌ను కేబుల్‌తో కాపీ చేయడం ఎంత తేలికో ఇదీ అంతే తేలిక. అందుకని గేమ్ తెరుచుకోగానే హెడ్‌సెట్ వ్యవస్థను ఒక మాట అడుగుతుంది: ‘ఇప్పుడు లాగిన్ అయి ఉన్న ఖాతా నన్ను కొన్నదేనా?’ దీన్ని మేము ఎంటైటిల్‌మెంట్ చెక్ అంటాం. క్వెస్ట్ స్టోర్‌లో గేమ్ పెట్టాలంటే తెరిచిన 10 సెకన్లలోపు ఈ తనిఖీ జరగాలన్నది నియమం. ‘లేదు’ అని జవాబు వస్తే ఏం చేయాలన్నది గేమ్ రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. చాలామంది ఒక వాక్యం చూపించి గేమ్ మూసేస్తారు. మీరు చూస్తున్నది ఆ వాక్యాన్నే.

ఆ ‘లేదు’కు ‘నువ్వు దొంగవి’ అని అర్థం కాదు. ‘కొన్నట్టు రుజువు ఈ క్షణంలో నాకు దొరకలేదు’ అని మాత్రమే. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియని రోజుల్లో మేము మొదటి గేమ్ విడుదల చేశాం. తనిఖీ విఫలమైతే మారు మాట లేకుండా గేమ్ మూతపడేలా రాసింది నేనే. మొదటి వారం వచ్చిన ఫిర్యాదులు ఇప్పటికీ దాచుకున్నాను. ఒకాయన తన ఖాతాతో కొన్నాడు, ఆయన కూతురు అదే హెడ్‌సెట్‌లో తన ఖాతాతో తెరిచింది. ఇంకొకాయన హెడ్‌సెట్‌ను నెలల తరబడి పెట్టెలో ఉంచాడు. ఛార్జింగ్ పూర్తిగా దిగిపోయి, తిరిగి ఆన్ చేసేసరికి గడియారం ఎప్పటిదో పాత తేదీ చూపిస్తోంది. ఆ తేదీ ప్రకారం సర్వర్ తన గుర్తింపుగా చూపించే ధ్రువపత్రం ఇంకా పుట్టనే లేదు, కాబట్టి కనెక్షన్ కుదరలేదు. మరొకావిడ ఉద్యోగ రీత్యా నెలల పాటు సముద్రం మీద ఉంటుంది, అక్కడ ఇంటర్నెట్ దొరకదు.

విడుదలైన నాలుగో రోజుకే మా గేమ్ దొంగ కాపీ బయటికి వచ్చింది. అందులో ఆ తనిఖీ లేదు. అంటే పై ముగ్గురి ఇబ్బందుల్లో ఒక్కటి కూడా దొంగ కాపీ వాడినవాళ్లకు లేదు! డబ్బు కట్టినవాళ్లకు నేను అమ్మిన సరుకు, ఉచితంగా దొరికే సరుకు కంటే నాసిరకంగా తయారైంది. ఆ వారం పడ్డ సిగ్గు నాకు ఇంకా గుర్తుంది.

ఇక మీ మోడ్ సంగతి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ మూటకూ తయారీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. మోడ్ వేసే పనిముట్టు ఆ మూటను విప్పి, లోపల తన కోడ్ చేర్చి, మళ్లీ కట్టేస్తుంది. విప్పిన క్షణమే పాత సంతకం చెల్లకుండా పోతుంది. తయారీదారు తాళపుచెవి మోడ్ రాసినవాళ్ల దగ్గర ఉండదు కాబట్టి వేరే సంతకం పెడతారు. దాంతో రెండు జరుగుతాయి. స్టోర్ నుంచి వచ్చే అప్‌డేట్ ఆ మూట మీద ఎక్కదు, ఎందుకంటే సంతకం కలవని అప్‌డేట్‌ను ఆండ్రాయిడ్ తిరస్కరిస్తుంది. రెండోది, గేమ్ గనుక తన సంతకాన్ని సరిచూసుకునేలా రాసి ఉంటే ‘నేను నేను కాదు’ అని కనిపెట్టేస్తుంది.

పైగా మెటా సంస్థ క్వెస్ట్‌కు అటెస్టేషన్ అనే సదుపాయం తెచ్చింది. గేమ్ అడిగితే హెడ్‌సెట్ ఒక టోకెన్ ఇస్తుంది. ఈ మూట స్టోర్ గుర్తించినదేనా, సంతకం ఎవరిది, హెడ్‌సెట్ వ్యవస్థను ఎవరైనా మార్చారా అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆ టోకెన్‌ను గేమ్ తాలూకు సర్వర్ సరిచూస్తుంది, కాబట్టి గేమ్‌లో ఒక వరుస చెరిపేసినంత మాత్రాన దాన్ని మోసం చేయడం కుదరదు. పోటీ గేముల్లో మోసగాళ్లను ఆపడానికి ఇది మంచి ఆయుధం. దీని ద్వారానే ఒక తయారీదారు ఒక ఫలానా హెడ్‌సెట్‌ను తన గేమ్ వరకు నిషేధించగలడు. మీరు భయపడుతున్న ‘హెడ్‌సెట్ నిషేధం’కు దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. అది కూడా ఆ ఒక్క గేమ్‌కే. పాటల లయకు తగ్గట్టు ఒంటరిగా ఆడుకునే గేమ్‌లో అంత దూరం వెళ్లేవాళ్లను నేను చూడలేదు.

మోడ్‌లు వాడేవాళ్లందరినీ దొంగల గాటన కట్టడం కూడా సరికాదు. పాటల లయకు కత్తులు తిప్పే బీట్ సేబర్ అనే గేమ్‌కు మోడ్‌లు చేసేవాళ్ల సంగతే చూడండి. దొంగ కాపీ వాడుతున్నానని చెప్పి సహాయం అడిగితే అక్కడ ఎవరూ చేయరు. గేమ్‌ను అంత ఇష్టపడేవాళ్లలో చాలామంది కొనుక్కున్నవాళ్లే. కానీ మూట లోపలి నుంచి చూసే తనిఖీకి ఇష్టమూ దొంగతనమూ ఒకేలా కనిపిస్తాయి. రెండు చోట్లా మారింది సంతకమే కదా.

‘ఈ తాళాలు కొన్నవాళ్ల మీదే ఎందుకు పడతాయి’ అని అడిగారు. దీనికి నా దగ్గర సిద్ధాంతం కంటే మంచి జవాబు ఒకటుంది, అది 2016లో జరిగిన కథ. ఆ ఏడాది మార్చిలో ఆక్యులస్ రిఫ్ట్, ఏప్రిల్‌లో హెచ్‌టీసీ వైవ్ మార్కెట్‌లోకి వచ్చాయి, రెండూ కంప్యూటర్‌కు తగిలించి వాడే హెడ్‌సెట్లే. ఆక్యులస్ అప్పటికే ఫేస్‌బుక్ (ఇప్పటి మెటా) సొంతం. ఆక్యులస్ స్టోర్‌లోని కొన్ని గేములు రిఫ్ట్‌లో మాత్రమే ఆడేవి. వాటిని వైవ్‌లో కూడా ఆడించేలా రివైవ్ అనే చిన్న ప్రోగ్రాం ఏప్రిల్‌లోనే ఒకరు రాసి పెట్టారు. గమనించండి, అది గేమ్‌ను ఉచితంగా ఇవ్వలేదు. ఆక్యులస్ స్టోర్‌లో డబ్బు కట్టి కొనాల్సిందే. కొన్నారా లేదా అన్న తనిఖీని అది ముట్టుకోనే లేదు.

మే 20 ప్రాంతంలో ఆక్యులస్ ఒక అప్‌డేట్ ఇచ్చింది. దాంతో ‘గేమ్ కొన్నారా’ అన్న ప్రశ్నకు ‘రిఫ్ట్ తగిలించి ఉందా’ అన్న ప్రశ్న తోడైంది. రెండూ ఒకే తాళంలో కలిసిపోయాయి. వైవ్ వాడేవాళ్లు కొన్న గేములు ఒక్కసారిగా మూతపడ్డాయి. రివైవ్ రాసిన వ్యక్తి ఒకటి రెండు రోజుల్లోనే దారి కనిపెట్టాడు. కానీ ఆ రెండు ప్రశ్నలూ అతుక్కుపోయి ఉండటంతో, హెడ్‌సెట్ ప్రశ్నను దాటాలంటే కొనుగోలు ప్రశ్నను కూడా దాటక తప్పలేదు. అంటే నిన్నటిదాకా పైరసీకి పనికిరాని ప్రోగ్రాం, పైరసీ నిరోధం పుణ్యమా అని పైరసీకి పనికొచ్చేలా మారింది. తాను కోరుకున్నది ఇది కాదని అతను బహిరంగంగానే చెప్పాడు. జూన్ చివర్లో ఆక్యులస్ ఆ హెడ్‌సెట్ తనిఖీని తీసేసింది. వెంటనే రివైవ్ కూడా కొనుగోలు తనిఖీని దాటే భాగాన్ని తీసేసింది. అందరూ ఏప్రిల్‌లో ఉన్న చోటికే తిరిగి వచ్చారు, మధ్యలో నెల రోజుల రగడ మిగిలింది.

నేను కొత్తగా చేరే ఇంజినీర్లకు ఈ కథ తప్పకుండా చెబుతాను. కొన్నవాడిని గుర్తించే తాళాన్ని, కొన్నవాడిని ఒక చోట కట్టేసే తాళంతో కలిపితే, రెండో దాని మీద కోపంతో జనం మొదటిదాన్ని కూడా విరగ్గొడతారు.

ఇప్పటివరకు చెప్పింది గేమ్‌కు వేసే తాళం. దానికంటే లోతైనది హెడ్‌సెట్‌కే వేసే తాళం, నా అసలు అభ్యంతరం దాని మీదే. బూట్‌లోడర్ అంటే యంత్రం ఆన్ కాగానే మొదట లేచే ప్రోగ్రాం. కంపెనీ సంతకం ఉన్న వ్యవస్థను మాత్రమే అది లోపలికి రానిస్తుంది. ఆ తర్వాత ఖాతా: ఇంటర్నెట్‌లో ఖాతా తెరిచి లాగిన్ అయితే తప్ప చాలా హెడ్‌సెట్లు మొదటిసారి పనిచేయడమే మొదలుపెట్టవు. ఇవన్నీ పైరసీ ఒక్కదాని కోసమే పెట్టినవి కావు. భద్రత, వ్యాపారం, స్టోర్ ఆదాయం, అన్నీ కలిసి ఉంటాయి. కానీ వాడుకరికి తగిలే దెబ్బ మాత్రం ఒక్కటే.

ఉదాహరణకు 2018 మార్చి 7. ఆ రోజు ప్రపంచంలోని రిఫ్ట్ హెడ్‌సెట్లన్నీ పనిచేయడం మానేశాయి. ఆక్యులస్ సాఫ్ట్‌వేర్‌లోని ఒక భాగానికి పెట్టిన డిజిటల్ సంతకం తాలూకు ధ్రువపత్రం గడువు తీరిపోయింది. సంతకం ఎప్పుడు పెట్టారో తెలిపే కాలముద్ర ఉంటే గడువు తర్వాత కూడా ఆ సంతకం చెల్లేది, అది వేయడం మరిచారు. ఇంకా విడ్డూరం ఏమిటంటే, మరమ్మతు అప్‌డేట్‌ను అందించాల్సిన ప్రోగ్రామే లేవడం లేదు. జనం దాన్ని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాల్సి వచ్చింది. మర్నాటికి సరిచేసి, స్టోర్‌లో వాడుకోవడానికి 15 డాలర్లు పరిహారంగా ఇచ్చారు. ఇది పైరసీ నిరోధం కాదు, నిజమే. కానీ ‘సంతకం సరిపోతేనే నడువు’ అన్న సూత్రం మీద నిలబడ్డ యంత్రం ఎంత నాజూకైనదో ఇంతకంటే బాగా చెప్పే ఘటన నాకు తెలియదు. కొందరు ఆ రోజు కంప్యూటర్ తేదీని వెనక్కి తిప్పి ఆడుకున్నారు.

ఖాతా తాళం కథ 2020 అక్టోబరులో క్వెస్ట్ 2తో ముదిరింది. ఆ హెడ్‌సెట్ వాడాలంటే ఫేస్‌బుక్ ఖాతా తప్పనిసరి చేశారు. కొందరు కేవలం హెడ్‌సెట్ కోసమే కొత్త ఖాతా తెరిచారు. అవి నకిలీ ఖాతాలేమోనన్న అనుమానంతో ఫేస్‌బుక్ యంత్రాంగం కొన్నింటిని మూసేసింది. పెట్టెలోంచి అప్పుడే తీసిన యంత్రం అలంకార వస్తువుగా మిగిలింది. జర్మనీలో అయితే ఆ హెడ్‌సెట్ అమ్మకమే ఆపేశారు, 2020 డిసెంబరులో అక్కడి పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. చివరికి 2022 ఆగస్టులో ఫేస్‌బుక్‌తో సంబంధం లేని మెటా ఖాతాలు వచ్చాయి. నా మిత్రుడొకడు, ఏ కంపెనీయో చెప్పను, ఇలాగే ఖాతా మూతపడి, కొన్న ముప్పై గేములనూ మూడు వారాల పాటు బయటి నుంచి చూస్తూ కూర్చున్నాడు. తప్పు తనది కాదని తేలాక తాళం తీశారు. ‘క్షమించండి’ అన్న ఒక్క వాక్యం మాత్రం రాలేదు.

మంచి చేసినప్పుడు మంచి అని కూడా చెప్పాలి. 2018లో వచ్చిన ఆక్యులస్ గో అమ్మకాలు ఆగిపోయాక, 2021 అక్టోబరులో దాని బూట్‌లోడర్ తాళం తీసేసే వ్యవస్థను కంపెనీయే విడుదల చేసింది. ఆక్యులస్ మాజీ సాంకేతిక అధిపతి జాన్ కార్మాక్ దీని కోసం కొన్నేళ్లు పట్టుబట్టాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికైనా సీలు విప్పని హెడ్‌సెట్ ఒకటి దొరికితే, అప్పటికి కంపెనీ సర్వర్లు లేకపోయినా అది పనిచేయాలి అన్నది ఆయన వాదన. హెడ్‌సెట్ తయారుచేసే ప్రతి సంస్థా చివరి రోజున ఈ పని చేయాలని నా అభిప్రాయం. బతికున్న యంత్రానికి తాళం ఎందుకో నాకు అర్థమవుతుంది, అమ్మకం ఆగి సహాయం కూడా ఆగిపోయిన యంత్రానికి ఎందుకో ఎవరైనా చెబితే వింటాను.

వీఆర్‌కు మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మామూలు తెర మీద గేమ్ అర సెకను బిగుసుకుపోతే విసుక్కుంటాం, అంతే. హెడ్‌సెట్‌లో అలా కాదు. 90 హెర్ట్జ్, అంటే సెకనుకు 90 ఫ్రేముల (దృశ్యాల) వేగంతో నడిచే హెడ్‌సెట్‌లో ఒక్కో ఫ్రేము గీయడానికి ఉండే వ్యవధి సుమారు 11 మిల్లీసెకన్లు, 72 హెర్ట్జ్ అయితే దాదాపు 14, 120 అయితే 8 చిల్లర. తల తిరుగుతున్నా దృశ్యం కదలకపోతే లోపలి చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది, కడుపు తిప్పేస్తుంది. మా రెండో గేమ్‌లో దొంగ కాపీల వాళ్లను ఏమార్చాలని లైసెన్సు తనిఖీని మొదట్లో కాకుండా ఆట మధ్యలో, ఒక అంచె నుంచి ఇంకో అంచెకు వెళ్లేచోట దాచాం. దాన్ని దృశ్యాలను నడిపే ప్రధాన వరుసలోనే నడిపించాం, నెట్‌వర్క్ జవాబు వచ్చేదాకా అంతా ఆగేది. ఆఫీసులో నెట్ వేగంగా ఉండేది కాబట్టి మాకు తెలియలేదు. నెట్ నెమ్మదిగా ఉన్న ఇంట్లో పరీక్షించిన ఒకామె వంతెన దాటుతుండగా దృశ్యం బిగుసుకుపోయింది. ఆమె హెడ్‌సెట్ తీసేసి గోడ పట్టుకుని నిలబడింది. మళ్లీ ఆ రోజు పెట్టుకోలేదు. మర్నాడే ఆ కోడ్ తీసి పారేశాం. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తామని అప్పుడు తెలిసింది.

వీడియో సంగతి క్లుప్తంగా: హెడ్‌సెట్‌లో సినిమా చూస్తూ దృశ్యాన్ని టీవీకి పంపిస్తే నల్లటి చతురస్రం కనిపిస్తుందని కొందరు భయపడుతుంటారు. యంత్రం చెడిపోలేదు. రక్షిత వీడియోను రికార్డింగులోకి, ప్రసారంలోకి రానివ్వకుండా ఆపే ఏర్పాటు అది. చూసేవాడికి పెద్ద నష్టం లేదు, పక్కనున్నవాళ్లకు చూపించలేకపోవడం తప్ప.

‘అయితే తాళాలే వద్దంటావా’ అని మీరు అడగవచ్చు. వద్దనను. తాళం ఏమీ లేకపోతే ఒకరు కొని పదిమందికి పంచడం మామూలైపోతుంది. స్టోర్ వాటా సాధారణంగా 30 శాతం పోయాక మిగిలేదానితో బతికే నలుగురైదుగురి బృందాలకు అది ప్రాణసంకటం. తేలికపాటి తాళం పని చేస్తుంది: అది పట్టుదల ఉన్నవాణ్ని ఆపదు, సరదాకి కాపీ చేసేవాణ్ని ఆపుతుంది. అంతకంటే ఎక్కువ ఆశించి తాళం మీద తాళం వేస్తే, ఆ పట్టుదల ఉన్నవాడు ఒక సాయంత్రం బదులు రెండు సాయంత్రాలు కూర్చుంటాడు. కొన్నవాళ్లేమో ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తారు. మేము ఇప్పుడు చేసేది ఇది: తెరిచినప్పుడు ఒకసారి తనిఖీ, విఫలమైతే కారణం మామూలు మాటల్లో చెప్పడం, గతంలో ఒక్కసారైనా నెగ్గి ఉంటే కొన్ని రోజుల గడువు ఇవ్వడం. గడువు పెట్టాక ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. అమ్మకాల్లో తేడా నాకేమీ కనిపించలేదు.

నలుగురు కలిసి ఆడే గేముల్లో సర్వర్ దగ్గర చేసే తనిఖీయే అన్నింటికంటే గట్టిది, ఆటగాడికి పెద్దగా అడ్డం కూడా రాదు. దాని లోపం చివర్లో బయటపడుతుంది. 2023 ఆగస్టు 1న ఎకో వీఆర్ సర్వర్లు ఆపేసినప్పుడు, ఆ ఆటను ప్రాణంగా చూసుకున్నవాళ్ల చేతిలో లాగిన్ కాని ప్రోగ్రాం మిగిలింది.

ఇక ఆ తాళం తీసిన కాపీ. దాన్ని ఎవరో విప్పి, తమకు తోచింది చేర్చి, మళ్లీ కట్టారు. ఏం చేర్చారో చూసుకునే దారి మీకు లేదు. స్టోర్ దాన్ని పరిశీలించలేదు. హెడ్‌సెట్‌లో మైకు ఉంటుంది, నిల్వ ఉంటుంది. ఈ అనుమతులు అడిగితే మనం చదవకుండానే ‘సరే’ నొక్కుతాం. పైగా మీ తల, చేతుల కదలికలే మీ ఆనవాలు. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ పరిశోధకులు 50 వేల మందికి పైగా బీట్ సేబర్ ఆటగాళ్ల కదలికలు తీసుకుని, కేవలం 100 సెకన్ల కదలికతో 94 శాతం కచ్చితత్వంతో మనిషిని పోల్చుకోవచ్చని చూపించారు. పేరూ ముఖమూ అవసరం లేకుండానే! అలాంటి సమాచారం ముక్కూ ముఖం తెలియని మూటకు ఇవ్వడం నాకు నచ్చదు. ఇంకొకటి, ఆ కాపీకి అప్‌డేట్లు రావు. మేము ఆరు నెలల కిందట సరిచేసిన లోపం గురించి ఇప్పటికీ ఉత్తరాలు వస్తుంటాయి. వాళ్లు ఏ కాపీ వాడుతున్నారో మాకు చదవగానే తెలిసిపోతుంది. కొనేముందు గేమ్ నచ్చుతుందో లేదో అన్నదే మీ శంక అయితే, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లోనూ క్వెస్ట్ స్టోర్‌లోనూ కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు మించకపోతే డబ్బు వాపసు అడగవచ్చు. ఆ సదుపాయాన్ని మొహమాటపడకుండా వాడుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఈ వరుసలోనే.

మొదట హెడ్‌సెట్ తేదీ, సమయం చూడండి. నవ్వకండి, నేను చూసిన కేసుల్లో కొన్ని అక్కడే తేలిపోయాయి. తర్వాత వైఫై కలిపి, హెడ్‌సెట్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. నిద్రపుచ్చడం కాదు, ఆపడం. పాత లైసెన్సు జ్ఞాపకం తాజా కావడానికి ఇది చాలాసార్లు చాలు.

తర్వాత స్టోర్ లైబ్రరీ తెరిచి ఆ గేమ్ మీరు కొన్నదిగానే కనిపిస్తోందా చూడండి. కనిపించకపోతే ఇప్పుడు ఉన్న ఖాతా వేరే. హెడ్‌సెట్‌లో ఇద్దరు ముగ్గురి ఖాతాలు ఉంటే, ప్రధాన ఖాతా సెట్టింగ్‌లలో యాప్‌లు పంచుకునే మీట ఆన్‌లో ఉండాలి. కొన్నది ప్రధాన ఖాతా కాకపోతే ఆ మీట వల్ల లాభం లేదు.

కొన్నదిగా కనిపిస్తున్నా గేమ్ తెరుచుకోకపోతే మోడ్ మీదే నా అనుమానం. ముందు మీ స్కోర్లు, పాటల ఫోల్డరు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే గేమ్‌ను తీసేసి స్టోర్ నుంచి మళ్లీ దించుకోండి. తీసేస్తే లోపలి సమాచారం కూడా పోతుంది, ఇది మరిచి నాకు తిట్లు రాసినవాళ్లున్నారు. మోడ్ లేకుండా గేమ్ తెరుచుకుంటే సమస్య తేలినట్టే. మోడ్ మళ్లీ కావాలంటే, గేమ్ ఇప్పటి వెర్షన్‌కు సరిపోయే మోడ్ వచ్చేదాకా ఆగండి.

ఫ్యాక్టరీ రీసెట్ జోలికి ఇప్పుడే పోకండి. చాలామంది మొదట చేసేది అదే, దానివల్ల పోయేది సేవ్ ఫైళ్లు, వచ్చేది ఏమీ లేదు.

ఇవన్నీ చేసినా ‘హక్కు లేదు’ అనే వస్తే స్టోర్ సహాయకులకు కాకుండా గేమ్ తయారీదారుకు రాయండి. కొనుగోలు రసీదు సంఖ్య, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ వెర్షన్, సందేశం ఫొటో జతచేయండి. మోడ్ వేసిన సంగతి దాచకండి. మాకు అలాంటి ఉత్తరం వస్తే, దాచినవాళ్ల సమస్య తేలడానికి వారం పడుతుంది, చెప్పినవాళ్లది పది నిమిషాల్లో తేలుతుంది. తమ సర్వర్‌లో మీ హెడ్‌సెట్ మీద నిషేధం ఉందా అన్నది చెప్పగలిగేది కూడా వాళ్లే.

మీ హెడ్‌సెట్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నదా అన్నది మీరు రాయలేదు. అలా కొన్నదైతే పాత యజమాని ఖాతా అందులోంచి పూర్తిగా తీసేశారో లేదో చూసుకోండి. ఆ మనిషి ఏదైనా గేమ్‌లో మోసం చేసి హెడ్‌సెట్ మీద నిషేధం తెచ్చుకుని ఉంటే అది యంత్రంతో పాటు మీకు వచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు కొన్న తేదీ చూపించే కాగితం ఒక్కటే మీ సాక్ష్యం. సందేశంలో ఏదైనా అంకెల కోడ్ కనిపిస్తే ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.